ఎర్ర దీపం వెలిగిన ఆరుసార్లు

పదకొండో ఆటలో దీపం ఎర్రగా వెలిగింది. ఎరుపు వస్తే నొక్కకూడదు. పచ్చ వస్తేనే నొక్కాలి. కానీ మంగవేణి బొటనవేలు జాయ్‌స్టిక్ మీది బటన్‌ను నొక్కింది. తెర మీద క్రేన్‌కు వేలాడుతున్న బొమ్మ కంటైనర్ ఒక్కసారిగా కిందికి దిగిపోయింది.

"ఇది ఎవరు నొక్కారు?" అని అడిగాడు ఉదయభాస్కర్.

"నేనే. పచ్చ వస్తుందనుకుని తొందరపడ్డాను."

"కొన్నిసార్లు కంప్యూటరే మీ చేత నొక్కిస్తుందని ముందే చెప్పాను. ఇది అలా అనిపించలేదా?"

"లేదు సార్. నా వేలు నాకు తెలీదా?"

బల్లకు అవతల కూర్చున్న విచారణ అధికారి ఫర్జానా బేగం ఆ జవాబు రాసుకుంది. కొత్తతీరం పోర్టులో ఆ మధ్యాహ్నం జరుగుతున్నది ఆట కాదు. తేలాల్సింది మంగవేణి జైలుకు వెళ్లాలా వద్దా అన్నది.

మంగవేణి ముంజేతికి ఉన్న నల్లటి పట్టీ పేరు క్షణిక. కంప్యూటర్ గేమ్స్ ఆడేవాళ్ల కోసం తయారుచేశారు. కంటికి ఏదైనా కనిపించాక మెదడు నిర్ణయించి, ఆ ఆజ్ఞ చేతికి చేరి, వేలు కదలడానికి దాదాపు పావు సెకను పడుతుంది. ఆటలో ఆ పావు సెకనులోనే గెలుపోటములు తేలిపోతాయి. క్షణిక ఒకవైపు తెరను, ఇంకోవైపు ముంజేతి నరాల్లో మొదలయ్యే సన్నటి అలజడిని గమనిస్తుంది. మనిషి నొక్కబోతున్నాడని దానికి అనిపించగానే కండరానికి చిన్న కరెంటు పంపి వేలు తనే కదిలిస్తుంది. మామూలుకంటే సెకనులో పన్నెండో వంతు ముందు. ఇంకా ముందైతే ఎవరో చెయ్యి లాగినట్టు తెలిసిపోతుంది. అంత తేడాలో మాత్రం తెలియదు. మనమే నొక్కామనుకుంటాం. ఆ తేడా కొలిచి పట్టుకోవడానికి కంపెనీకి నాలుగేళ్లు పట్టింది.

ఉదయభాస్కర్ పని మౌస్‌లు, కీబోర్డులు, హెడ్‌సెట్లు, గేమింగ్ కుర్చీలు వాడి చూసి సమీక్షలు రాయడం. మౌస్ బటన్ నొక్కడానికి ఎన్ని గ్రాముల బరువు పడుతుందో చిన్న త్రాసుతో తూచేవాడు. హెడ్‌సెట్ పెట్టుకుంటే ఎన్ని నిమిషాలకు చెవులకు చెమట పడుతుందో గడియారం చూసి రాసేవాడు. నెల రోజులు వాడకుండా దేనికీ మార్కులు వేయలేదు. అందుకే జనం అతని మాట నమ్మేవారు. క్షణికను ముప్పైమంది చేత ఆడించి, "వేలు నాది కాదని ఒక్కరికీ ఒక్కసారీ అనిపించలేదు" అని రాసి, పదికి తొమ్మిదిన్నర ఇచ్చాడు. ఆ ఆటల్లో అక్కడక్కడా నొక్కకూడని చోట నొక్కారు. వాటిని అందరు సమీక్షకుల్లాగే అతనూ ఆటగాళ్ల పొరపాట్లని రాశాడు. పట్టీ గురించి రాస్తున్నప్పుడు ఆటగాడి పొరపాటు లెక్కలోకి రాదు మరి.

పోర్టులో క్రేన్లు నడిపేవాళ్లు ఇప్పుడు పైకెక్కరు. చల్లటి గదిలో తెర ముందు కూర్చుని జాయ్‌స్టిక్‌తోనే నడుపుతారు. ఓడలు తొందరగా ఖాళీ అవుతాయని యాజమాన్యం ఆ సమీక్ష చదివి అందరికీ క్షణికలు తొడిగించింది. ఎనిమిది నెలలు గడిచాయి. కంటైనర్ మూలల్లో తాళాలు బిగించే నూకరాజు ఒకరోజు పక్కకు జరిగినట్టే జరిగి మళ్లీ వేలాడుతున్న కంటైనర్ కిందికి వంగాడు. మంగవేణి చూసింది. ఆపుకోవాలనుకుంది. అప్పటికే వేలు బటన్ నొక్కేసింది. కంటైనర్ మీద పడి నూకరాజు చనిపోయాడు.

"నేనే నొక్కాను" అని ఆమె ఆ రోజే రాసిచ్చింది. నాలుగు నెలలుగా అదే మాట. విచారణలో పట్టీ కంపెనీ లాయరు ఉదయభాస్కర్ సమీక్ష చదివి వినిపించాడు. పట్టీ తొడుక్కున్నా వేలు మనిషిదేనని నిష్పక్షపాతంగా తేల్చిన రాత ఇదిగో అన్నాడు. ఆ వార్త చూసిన ఉదయభాస్కర్ తనంతట తానే వచ్చి ఈ పరీక్షకు అనుమతి అడిగాడు.

"మౌస్‌లకు కూడా మార్కులు వేస్తారా? మా నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు, పిల్లల పలకలకు వేసేవారు," అంది ఫర్జానా అప్పుడు. అయినా సంతకం పెట్టింది.

ఒప్పుకోనిది మంగవేణే. ఆమె ఇద్దరు పిల్లలూ పలాసలో అక్క దగ్గర చదువుకుంటున్నారు. ఆమె వాళ్లను పెంచేది రోజూ సాయంత్రం ఫోనులోనే. పళ్లు తోముకున్నారా అన్న దగ్గర్నుంచి అబద్ధం ఆడితే నాకు తెలిసిపోతుంది అనేదాకా.

"తప్పు చేస్తే ముందు ఒప్పుకోమని రోజూ చెప్పేదాన్ని సార్," అంది. "పెద్దది అడిగింది, నువ్వే చేశావా అని. అవునని చెప్పాను. ఇప్పుడు కాదు, పట్టీ చేసిందని చెప్పమంటారా? రేపు అది ఎవర్నైనా తోసేసి ఏమంటుంది?"

"అది నిజమైతే చెప్పాలి కదమ్మా. రెండేళ్లు జైలంటే ఆ ఫోను కూడా ఉండదు," అన్నాడు ఉదయభాస్కర్.

ఆమె పట్టీ తొడగమని చెయ్యి చాపింది.

పొద్దున పట్టీ పనిచేయకుండా ఆపి ఇరవైసార్లు ఆడించారు. ఒక్క తప్పూ లేదు. మధ్యాహ్నం పట్టీ ఆన్ చేశారు. ఇరవైసార్లలో దీపం ఆరుసార్లు ఎర్రగా వెలిగింది. ఆ ఆరుసార్లూ కరెంటు పంపింది కంప్యూటర్. ఆరుసార్లూ మంగవేణి "నేనే" అంది. ఒకసారి "నిద్ర చాలక" అని, ఇంకోసారి "మనసు ఇక్కడ లేదు" అని కారణం కూడా చెప్పింది. ఇరవయ్యోది అయ్యాక ఉదయభాస్కర్ లాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పి, కంప్యూటర్ నొక్కించిన చోటల్లా పడిన గీతలు చూపించాడు. ఆమె ఆరు గీతలూ ఒక్కొక్కటిగా వేలితో తాకి చూసింది.

"ఇవేవీ నేను కాదా?"

"కాదు."

"మరి మిగతా పద్నాలుగు?"

అతను తెర మీది అంకెల వైపు చూశాడు. అవి కూడా సెకనులో పన్నెండో వంతు ముందే, పట్టీ కదిలిస్తేనే పడ్డాయి.

పది రోజుల తర్వాత అదే గదిలో ఫర్జానా తీర్పు చదివింది. నూకరాజు భార్య దేముడమ్మను కూడా పిలిపించారు. తాను నొక్కానని మంగవేణి ఇచ్చిన వాంగ్మూలానికి విలువ లేదని, కాబట్టి ఆమె మీద కేసు నిలవదని అందులో ఉంది. పట్టీ ఎలా పనిచేస్తుందో కంపెనీ పెట్టె మీదే ముద్రించింది కనుక కంపెనీ తప్పూ లేదు. పట్టీలు కొనడానికి పోర్టు అన్ని అనుమతులూ తీసుకుంది. ఈ మరణానికి ఏ వ్యక్తీ బాధ్యులు కారు.

"నాకు తెలిసినట్టు సెప్పండమ్మా," అంది దేముడమ్మ. "ఎవులు సేసినట్టు?"

"ఎవరూ చేయలేదమ్మా. ప్రమాదం," అంది ఫర్జానా.

"ఈ పిల్ల సేసింది. మూడో రోజున మా ఇంటికొచ్చి నా కాళ్లు పట్టుకుంది. నానే సేసినానమ్మా అంది. జుట్టు పట్టుకుని కొట్టినాను. తిట్టని తిట్టు లేదు. మళ్లీ నానే మంచినీళ్లిచ్చి పంపినాను." ఆమె మంగవేణి వైపు తిరిగింది. "నువ్వే కదే సేసినావు?"

మంగవేణి నోరు తెరిచింది. తన కుడిచేతి వంక చూసుకుంది.

దేముడమ్మ ఉదయభాస్కర్‌ను చూసింది.

"పరీచ్చ పెట్టింది నువ్వంట కదా బావూ. పోనీ నువ్వు సేసినావా?"

ఉదయభాస్కర్ లేచి నిలబడ్డాడు. ఏ మాటైనా కొలిచి చెప్పడం అతనికి అలవాటు. "నేను రాసింది చదివి ఆ పట్టీలు కొన్నారమ్మా. ఆ మేరకు నా తప్పు కొంత ఉంది."

"కొంత అంటే ఏటి బావూ? మడిసి మొత్తంగా పోనాడు కదా."

ఆమె చెంగు సర్దుకుని బయటికి నడిచింది. గుమ్మం దాటేలోపు ఎవరైనా నేనే అంటూ వెనక్కి పిలుస్తారేమోనని ఒకసారి ఆగింది.