తాంబాళంలో ఖోదియా వైపు

తెల్లారేసరికి ఆ ఇంట్లో కోడి కంటే ముందు ఖోదియా ఫోను కూసింది: లేచావా, నీళ్ళు తాగావా? చాప మీద పడుకున్న బిరాన్ తాత కళ్ళు తెరవకుండానే బదులిచ్చాడు.

"తాగానమ్మా, తాగాను. ఇంకొక్క గుక్క తాగానంటే మన జోవాల్ రేవులో పడవలన్నీ ఇసకలో కూరుకుపోతాయి."

పదిహేనేళ్ళ ఖోదియా నవ్వుకుంటూ గ్లాసుడు నీళ్ళు తాగి, ఆ సంగతి ఫోనుకు చెప్పుకుంది. కిందటి నెల బడి మైదానంలో పరుగెత్తుతూ ఆ పిల్ల కళ్ళు తిరిగి పడిపోయింది. ఒంట్లో రక్తం తక్కువగా ఉందని ఆసుపత్రిలో నర్సమ్మ మాత్రలిచ్చి, ఫోనులో ఒక యాప్ కూడా వేసింది. వేళకు నిద్రపొమ్మని, నడవమని అది గుర్తుచేస్తుంది. తినబోయే ముందు తన వంతు తిండిని ఫొటో తీస్తే, చేప, ఆకుకూర చాలినంత ఉన్నాయో లేదో చెబుతుంది.

చిక్కంతా ఆ ఫొటోతోనే వచ్చింది. మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ ఒకే తాంబాళం చుట్టూ కూర్చుంటారు. ఎవరి ముందున్నది వాళ్ళది. పక్కవాళ్ళ వైపు చెయ్యి చాచి తీసుకోవడం సిగ్గుమాలినతనం. తన ముందున్న చేపను తుంచి పక్కవాళ్ళ వైపు తోయడం మాత్రం ప్రేమ. తాంబాళాన్ని ఫొటో తీస్తే, ఇదంతా ఈ పిల్ల ఒక్కతే తినబోతోందనుకుని యాప్ హడలిపోయింది. అందుకే వారం నుంచి ఖోదియా చిన్న పళ్ళెంలో విడిగా వడ్డించుకుని గడప దగ్గర కూర్చుని తింటోంది.

జబ్బుపడ్డవాళ్ళు, లేదా ఇంట్లోవాళ్ళతో తగాదా పడ్డవాళ్ళు తప్ప వేరు పళ్ళెం ఎవరు పట్టుకుంటారు? తాత పేరు చెప్పి రోజూ "ఏమే సవతీ" అని మనవరాలిని ఏడిపించే నాయనమ్మ తెనింగ్, వారం నుంచి ముక్తసరిగా పేరు పెట్టి పిలుస్తోంది. తిండి కూడా సగానికి తగ్గించేసింది.

ఆ రోజు చేప అన్నం. అందరూ తిన్నాక తెనింగ్ కోడలు, ఖోదియా వాళ్ళమ్మ సోఖ్నా తాంబాళం ఎత్తబోయింది. ముగ్గురి వైపులా అడుగు కనిపిస్తోంది. నాలుగో వైపు మాత్రం, వారం నుంచి రోజూ లాగే, అన్నం చిన్న గుట్టలా మిగిలి ఉంది.

"దించు," అంది తెనింగ్. "అది దాని వైపు."

"అది తినేసిందిగా అత్తయ్యా."

"అక్కడ తింది. ఇక్కడ తినలేదు."

ఖోదియా పళ్ళెం పట్టుకుని లేచింది. "వారం నుంచీ ఎందుకు నాయనమ్మా ఈ సాధింపు?"

"సాధింపు నాదా? నేను తోసిన ముక్కలో విషముందా? నా చెల్లెలు ఇలాగే వేరు పళ్ళెం పట్టుకుంది. ఆ మర్నాడే మూట కట్టుకుని పోయింది. మళ్ళీ దాని మొహం చూడలేదు నేను!"

"నేనెక్కడికి పోతాను? ఆ రోజు పడిపోయినప్పుడు కళ్ళు తెరుచుకున్నా ఏమీ కనబడలేదు నాకు. చచ్చిపోయాననుకున్నాను. మళ్ళీ అలా పడకూడదనే ఇదంతా!" అంటూ ఖోదియా భోరుమంది.

పిల్ల అంతగా బెదిరిపోయిందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

బిరాన్ తాత గొంతు సవరించుకున్నాడు. "నేనోసారి తిమింగలం కడుపులో రెండు రోజులున్నాను. అక్కడ కూడా ఇంత ఏడుపు వినలేదు. ఆ ఫోనమ్మను ఇలా తీసుకురా తల్లీ. ఇప్పుడు తాంబాళంలో నీ వంతు తప్ప ఏముంది? తియ్యి ఫొటో."

ఖోదియా కళ్ళు తుడుచుకుని తీసింది. ఇందాక హడావిడిగా వడ్డించుకున్న పళ్ళేన్ని చూసి ఆకుకూర చాలదని పసుపుపచ్చ గుర్తు పెట్టిన యాప్, ఈసారి నిండుగా ఆకుపచ్చ గుర్తు చూపించింది.

అప్పుడు చూసింది ఆ పిల్ల, తన వైపును సరిగ్గా. గుట్ట మీద గోంగూర ముద్ద అమ్మ తోసింది. చేప పొట్టభాగం తాతది. ముల్లు ఏరి మరీ పెట్టాడు. గుమ్మడిముక్క, వంకాయ, క్యారెట్టు నాయనమ్మవి. వారం నుంచీ, తను రాదని తెలిసి కూడా, రోజూ తోస్తూనే ఉన్నారన్నమాట.

ఖోదియా చిన్న పళ్ళెం గోడవారగా పెట్టేసి తాంబాళం ముందు చతికిలబడింది. రెండు ముద్దలు తిని, చేపను తుంచి, ఖాళీగా ఉన్న నాయనమ్మ వైపుకు మెల్లగా తోసింది.

"పెద్దదానికి నువ్వు తోస్తావుటే, గడుగ్గాయీ?" అంది తెనింగ్. ముక్క చేతిలోకి తీసుకుంది కాని, నోట్లో పెట్టుకోకుండా ఆగి మళ్ళీ తాంబాళంలో తన ముందు పెట్టింది.

"దీన్ని కూడా తియ్యవే ఫొటో. నా వంతు ఎలా ఉందంటుందో విందాం."