నత్తకి పెట్టిన పేరు

“నా పేరు పీకేస్తావా?” అంటూ ల్యాబ్ తలుపు తోసుకొచ్చిందామె.

అతను మైక్రోస్కోపులోంచి తలెత్తాడు. అతని కళ్ళ చుట్టూ గుండ్రటి ముద్రలు. ఎదురుగా నిప్పులు కక్కుతున్న రెండు గుండ్రటి కళ్ళు.

“ప-ప-పేరా?”

నత్తల మీద పరిశోధన చేసేవాడికి నత్తి ఉండకూడదని రూలేం లేదు. పైగా అతనికది పుట్టుకతో వచ్చింది కాదు, ఆమెతో వచ్చింది. ఆమె గదిలోకి రాగానే వచ్చేది, వెళ్ళగానే పోయేది.

విషయం ఏమిటంటే, కొండ కింది చెలమలో ఇద్దరూ కలిసి ఓ కొత్త నత్తని కనిపెట్టారు. కలిసి అంటే, అతను గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడితే, ఆమె మోకాలి లోతు చన్నీళ్ళలో దిగి, నాచంతా జల్లెడ పట్టి, ఆవగింజంత ప్రాణిని చిటికెన వేలి మీద ఎక్కించుకుని “ఇది ఎవరూ చూడని నత్త!” అని కేక పెట్టింది. చెలమ దగ్గర మొదలైన చెలిమి అతని వైపు నుంచి ఆ క్షణమే పొంగి పొర్లింది. నత్త గుల్ల మీద సుళ్ళు చూసి, తనకీ కాస్త సుడి ఉందేమో అనుకున్నాడు.

నత్తని లోకానికి పరిచయం చేస్తూ వ్యాసం రాశారు. కొలతలూ పళ్ళ వరసలూ ఆమెవి, బొమ్మలు అతనివి. పేరు పెట్టే పని కూడా అతనికే వదిలేసిందామె. తన నోటితో చెప్పలేనిది నత్తతో చెప్పిద్దామని, దానికి ఆమె పేరే పెట్టి, ఆమెకి చూపించకుండా ల్యాబ్ నడిపే ప్రొఫెసర్‌గారికి పంపేశాడు మహానుభావుడు.

ప్రేమలో పడ్డవాడికి పద్ధతులు గుర్తుండవు కదా! వ్యాసం రాసేవాళ్ళు తమ పేరు తామే జీవికి పెట్టుకోవడం ఈ శాస్త్రంలో మర్యాద కాదు. తన మెడలో తానే దండ వేసుకున్నట్టు ఉంటుంది. ప్రొఫెసర్‌గారు చిటికెలో దారి కనిపెట్టారు. నత్తకి అమ్మాయి పేరు ఉంచి, రచయితల్లోంచి అమ్మాయిని తీసేశారు.

“కాళ్ళు కొంకర్లు పోయేలా నీళ్ళలో నిలబడింది నేను! దాని పళ్ళు లెక్కపెట్టి కళ్ళు పోగొట్టుకుంది నేను! వ్యాసం మాత్రం నీ ఒక్కడిదీనా?”

“నే-నేను అలా అనుకోలేదు...”

“మరెలా అనుకున్నావ్?”

అతను పట్టకారుతో నత్తని పైకెత్తి, ఆ ఆవగింజ చాటున దాక్కోబోయాడు.

“చూడు. ఇది నా మొదటి కొత్త జాతి. దాని మీద నా పేరు లేకపోతే నేనీ ల్యాబ్‌లో ఉండను. అంతే.”

ఒక చేతిలో పట్టకారు, దాని కొసన నత్త. రెండో చేత్తో ప్రొఫెసర్‌గారికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు.

“సార్, అ-అమ్మాయి పేరు రచయితల్లోనే ఉండాలి. ముందు తనదే. న-నత్త పేరు మార్చేస్తాను.”

“మార్చు, నాకేం? అసలు ఆ పేరెందుకు పెట్టావయ్యా? నత్తకీ అమ్మాయికీ పోలికేమిటి?”

“పో-పోలికేం లేదు సార్. ఇష్టం సార్.”

“నత్తంటేనా?”

“న-నత్తన్నా ఇష్టమే సార్.”

ఫోన్‌లో దగ్గు వినిపించింది. కిటికీ బయట వాన కూడా చెవులు రిక్కించినట్టు సన్నబడింది.

“నాకర్థమైంది. ఆ అమ్మాయికి చెప్పావా?”

“స్పీకర్‌లో ఉన్నారు సార్,” అందామె.

“ఓరి నాయనో! మరి మధ్యలో నేనెందుకు?” ఫోన్ కట్టయింది.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. అతని చేతిలోంచి నత్తని తీసుకుని మైక్రోస్కోపు కింద పెట్టింది. ఎంతసేపైనా తల ఎత్తదే!

“గుల్ల గాజులా ఉంది. ఆ అర్థం వచ్చే పేరు పెడదాం.”

“అ-అలాగే.”

“ఇంకోటి. ఎవరు ఎక్కడ ఈ నత్త పేరు పూర్తిగా రాసినా, వెనకాలే దాన్ని పరిచయం చేసినవాళ్ళ పేర్లూ రాస్తారు. నా పేరు, పక్కనే నీ పేరు. మనిద్దరం పోయాక కూడా.”

ఆ పద్ధతి అతనికి ఎప్పుడో తెలుసు. కానీ అది ఇంత బాగుంటుందని ఇప్పుడే తెలిసింది.

“మన పేర్లు పక్కపక్కన ఉండటం మా నాన్న మొదటిసారి జర్నల్లో చూస్తే బాగుండదు. ఆదివారం ఇంటికి రా.”

“వ-వచ్చి ఏం చెప్పను?”

“నత్త గురించి చెప్పు,” అంది ఆమె, అప్పటికి తల ఎత్తి, నవ్వు దాచుకోకుండా. “మిగతాది ఆయనే అడుగుతారు.”