ఉదయలక్ష్మి పక్కన బాక్స్

బాక్సులు, గీతలతో పటాలు గీసుకోవడానికి శాంసన్ రాసిన డయాగ్రమ్ ఎడిటర్‌ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడమే ఉదయలక్ష్మి ఉద్యోగం. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ చిన్న ఆఫీసులో చేరిన రోజే అతనితో తగువు పెట్టుకుంది.

"నేను చేత్తో జరిపిన బాక్స్‌ని మీ ఆటో లేఅవుట్ ఎందుకు కదుపుతోంది?"

"అన్నిటినీ వరసల పెడ్తది. దాని పనే గది."

"నేను కావాలని పెట్టింది పెట్టిన చోటే ఉండాలి. ఇది బగ్."

శాంసన్ కాసేపు అలిగాడు. తర్వాత ఆమె చెప్పిందే నిజమనిపించి మార్చేశాడు. చేత్తో పెట్టిన బాక్స్ ఇక కదలదు, మూలన చిన్న పిన్ను గుర్తు పడుతుంది. ఆమె మీద మనసు పడిందీ ఆ రోజే. అతనిది అల్మాస్‌గూడలో చర్చికి వెళ్ళే ఇల్లు, ఆమెది గుంటూరు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడిన కుటుంబం. చెబితే ఎక్కడ మాట్లాడటం మానేస్తుందోనని నోరు విప్పలేదు.

ఒక వాన రోజు ఆమె తండ్రి చక్రపాణి తడిసిన గొడుగుతో ఆఫీసుకొచ్చాడు. తాతగారి సహస్ర చంద్ర దర్శనానికి గోడకు పెట్టాలని ఉదయ ఆ ఎడిటర్‌లోనే వంశవృక్షం గీసింది. ప్రింటుకు ముందు అందులో పేర్లు సరిచూడటానికే చక్రపాణి వచ్చాడు.

ఉదయ తండ్రికి శాంసన్‌ని పరిచయం చేసి, టీ తేవడానికి వెళ్ళింది. ఫైలు తెరిచిన శాంసన్ కొయ్యబారిపోయాడు.

తాతగారి కింద చక్రపాణి, సీతామహాలక్ష్మి. వాళ్ళ కింద ఉదయలక్ష్మి. ఆమె పక్కన, భర్త ఉండాల్సిన చోట, 'శాంసన్'.

చక్రపాణి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఇదేంటయ్యా?"

ఈయనకు కోపమొస్తే ఉదయ రేపటి నుంచి ఆఫీసుకే రాదనుకున్నాడు శాంసన్.

"ఎట్లొచ్చిందో అంకుల్. ఆటో లేఅవుట్ కొడితే పక్కకు పోతది."

కొట్టాడు. బాబాయిలు, అత్తలు, పిన్నమ్మలు బుద్ధిగా వరసల్లో సర్దుకున్నారు. 'శాంసన్' బాక్స్ కదల్లేదు. మళ్ళీ కొట్టినా కదల్లేదు. అప్పుడు కనిపించింది పిన్ను గుర్తు.

"ఎందుకు కదలట్లేదు?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "చేత్తో పెడితే కదలదు అంకుల్."

"ఎవరి చేత్తో?"

"నా చేత్తో నాన్నా."

గుమ్మంలో టీ కప్పులతో ఉదయ. "ఎలా ఉంటుందో చూద్దామని నిన్న పెట్టాను. సేవ్ చేయలేదు. ఇతను ఆటో సేవ్ పెట్టాడని తెలీదు. కానీ పెట్టింది మాత్రం కావాలనే."

"మీ ఇంట్లో తెలుసా?" శాంసన్‌ని అడిగాడు చక్రపాణి.

"నాకే ఇప్పుడు తెలిసింది అంకుల్."

"అయితే నీకిష్టం లేదా?"

"మస్తు ఇష్టం. మొదటి రోజు నుంచే. చెప్పనీకి భయమైంది."

ఉదయ టీ కప్పులు బల్ల మీద పెట్టింది. "నాకు చెప్పడానికి భయమేంటి?"

"అది కూడా బగ్ అంటవని."

చక్రపాణి నవ్వలేదు. కుర్చీ లాక్కుని తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. చివరికి, "ఇతన్ని మీ అమ్మ పేరు మీదికి సగం ఎక్కించేశావు. జరుపు," అన్నాడు.

ఉదయ కళ్ళ నీళ్ళతోనే డిలీట్ మీదకు వేలు పోనిచ్చింది.

"తీసెయ్యమనలేదు, జరపమన్నాను." ఆయన శాంసన్ వైపు తిరిగాడు. "నీ పైన ఎవరూ లేరేంటి? మీ నాన్నగారి పేరేంటి బాబూ?"

"యేసుదాసు అంకుల్. అమ్మ ఎలీశమ్మ."

"ఆ పేర్లూ పెట్టు. ముందు వాళ్ళని ఓసారి మా ఇంటికి తీసుకురా. ప్రింటు ఆ తర్వాత ఇద్దాం."