వెనిస్‌లో టిష్యూ ప్యాకెట్

"ఎక్స్‌క్యూజ్ మీ! ఆ టేబుల్ నాది. లేవండి."

మాట ఇంగ్లీషులో వచ్చింది గాని, ఆ గొంతులోని కోపం ఏ భాషవాడికైనా అర్థమవుతుంది. కృష్ణచైతన్య తలెత్తాడు.

వెనిస్‌లో వాన దంచి కొడుతోంది. కాలువ గట్టున చిన్న కాఫీ షాపు. పందిరి కింద ఖాళీగా ఉన్నది ఒకే ఒక్క టేబుల్, దాని మీద ఎవరో మరిచిపోయిన టిష్యూ ప్యాకెట్. తడిసి ముద్దయిన మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? హాయిగా కూర్చుని, ప్యాకెట్ విప్పి, తల తుడుచుకోవడం మొదలుపెట్టాడు. సగం ప్యాకెట్ అయిపోయింది కూడా.

ఎదురుగా ఒక చేతిలో కాఫీ, ఇంకో చేతిలో కేకు పట్టుకుని ఓ అమ్మాయి నిలబడి ఉంది. పెద్ద పెద్ద కళ్లు. ఆ కళ్లు అతన్ని వదిలేసి అతని చేతిలోని టిష్యూని చూస్తున్నాయి.

"టేబుల్ మీద మీ పేరేమీ లేదే!" అన్నాడు, తనూ ఇంగ్లీషులోనే.

"టిష్యూ పెట్టాను కదా! చోప్ చేశాను!"

"చోప్ అంటే?"

ఆ అమ్మాయి పక్కకు తిరిగి గొణుక్కుంది. "ఏటి మనిషో! సీటు కొట్టేశాడు, టిష్యూ కొట్టేశాడు, ఇప్పుడు అర్థం కూడా చెప్పాలంట!"

తెలుగు! చైతన్య చెయ్యి నెత్తిమీదే ఆగిపోయింది.

"మీరు తెలుగా అండీ?"

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. తిట్టింది వినేశాడు మరి.

పేరు శాంతిని. తాతల నాడే శ్రీకాకుళం నుంచి మలేషియా వెళ్లి స్థిరపడిన కుటుంబం. ఉద్యోగం సింగపూర్‌లో, ఒక షిప్పింగ్ ఆఫీసులో. సెలవు పెట్టి వెనిస్ చూడ్డానికి వచ్చింది. సింగపూర్‌లో తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లలో ముందు టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఆ తర్వాతే తిండి కొనుక్కోవడానికి వెళ్తారు. అదే చోప్. ఎంత ఆకలి మీదున్నవాడైనా ఇక ఆ టేబుల్ జోలికి రాడు.

"నేనూ సింగపూరేనండీ," అన్నాడు చైతన్య. "సొంతూరు కాకినాడ. జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంట్ ఇంజనీర్ని. చేరి వారం కాలేదు, ఏదో పంపు టెస్టింగ్ ఉందని ఇటలీకి తోలేశారు. చోప్ చాప్టర్ దాకా ఇంకా రాలేదు."

"ఉండేది ఎక్కడ?"

"జురాంగ్ ఈస్ట్."

"ఏ బ్లాక్?"

చెప్పాడు. శాంతిని కాఫీ టేబుల్ మీద పెట్టేసి, ఎదురు కుర్చీలో కూలబడింది. ఆమె ఉండేది అదే కార్‌పార్కుకు అవతలి బ్లాకులో.

వాన ఆగేసరికి కేకు అయిపోయింది. ఎవరు ఎక్కువ తిన్నారన్న గొడవ మాత్రం సింగపూర్ చేరాక కూడా అవలేదు. ఏడాది తిరక్కుండా పెళ్లయింది.

*

ఇప్పుడు ఆ పెళ్లికి ఐదేళ్లు నిండబోతున్నాయి.

ఆదివారం మధ్యాహ్నం. జురాంగ్ ఈస్ట్ హాకర్ సెంటర్ కిటకిటలాడుతోంది. అయినా చైతన్య కుటుంబానికి సరిగ్గా ఫ్యాన్ కింద టేబుల్ దొరికింది. ఆ ఘనత అతని తల్లి కమలాదేవిది. భర్త పార్థసారథితో కలిసి కాకినాడ నుంచి వచ్చి నెలయింది. సింగపూర్‌లో ఆవిడకు అన్నిటికన్నా నచ్చింది చోప్. హ్యాండ్‌బ్యాగ్ నిండా టిష్యూ ప్యాకెట్లే.

"ఇందులో కొత్తేముందమ్మాయ్?" అంది కోడలితో. "మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వెయ్యడమేగా! ఒరేయ్ చైతూ, కర్చీఫ్ వేసి సీటు పట్టుకుంటూ పెరిగినవాడివి, ఆ రోజు టిష్యూ చూసి ఎలా తెలుసుకోలేకపోయావురా?"

"వానలో బుర్ర పనిచేయలేదమ్మా," అన్నాడు చైతన్య. తర్వాత చెంచాతో గ్లాసు మీద టింగుమని కొట్టాడు. "అటెన్షన్ ప్లీజ్! వచ్చే నెల మా యానివర్సరీకి మనం వెనిస్ వెళ్తున్నాం. టిక్కెట్లు అయిపోయాయి, హోటల్ అయిపోయింది. అదే కాలువ, అదే కాఫీ షాపు!" అంటూ ఫోన్‌లో మ్యాపు అందరికీ చూపించాడు.

శాంతిని తలెత్తింది. కళ్లు ఒక్కసారిగా వెలిగాయి. "నిజంగానా? మనిద్దరం మళ్లీ అక్కడ..."

"నలుగురం!" అన్నాడు చైతన్య గొప్పగా. "అమ్మా నాన్నా వీసాలు కూడా కాకినాడలోనే వేయించుకుని వచ్చారు. సర్‌ప్రైజ్ ఎలా ఉంది?"

శాంతిని నవ్వింది. నవ్వు పెదాల దగ్గరే ఆగింది. కోడలి చెంచా ప్లేటులో ఊరికే తిరగడం కమలాదేవి చూసింది. "అమ్మాయిని అడగలేదట్రా?" అంది నెమ్మదిగా.

"అడిగితే సర్‌ప్రైజ్ ఏముంటుందమ్మా!"

చైతన్య మంచివాడే. భార్యకు ఏం కావాలో తనకు ముందే తెలుసని అతని ధీమా. చాలాసార్లు నిజంగానే తెలుసు. చిక్కంతా అక్కడే ఉంది.

*

ఇంటికొచ్చాక వంటింట్లో మొదలైంది యుద్ధం.

"అమ్మా నాన్నల్ని ఫ్లాట్‌లో ఒంటరిగా వదిలేసి ఎలా వెళ్తాం శాంతీ?"

"వాళ్లు రావడం నాకూ హ్యాపీయే లా." మనసు కదిలితే ఆమె మాట చివర సింగపూర్ వాళ్ల 'లా' దొర్లుతుంది. " అత్తయ్యకు తెలుసు, మామయ్యకు తెలుసు, కాకినాడలో వీసా ఏజెంటుకు కూడా తెలుసు. నాకే తెలీదు. నన్ను అడిగావా?"

"నువ్వు వద్దంటావా ఏంటి?"

"అననులే. అయినా అడగాలి. ఆ రోజు టేబుల్ అడక్కుండా కూర్చున్నావు. టిష్యూ అడక్కుండా తీశావు. పెళ్లి కూడా అంతే!"

"అదేంటి? పెళ్లి అడిగాను కదా!"

"ఎవర్ని? మా డాడీని! రవీంద్రన్ గారిని అడిగావు, ఆయన యెస్ అన్నారు. పెళ్లి చేసుకుంది నేనా, ఆయనా?"

చైతన్యకు నవ్వాగలేదు. అది పెద్ద పొరపాటు.

"నవ్వు! బాగా నవ్వు!" శాంతిని గొంతు సన్నబడింది. "ఎప్పటికైనా ఆ టేబుల్ దగ్గరికి తీసుకెళ్లి ఒక్కసారి అడుగుతావని ఐదేళ్లుగా చూస్తున్నా. ఇప్పుడు అత్తయ్య, మామయ్య చెరో పక్కన కూర్చుంటే ఏమడుగుతావు? చట్నీ వెయ్యమనా?"

"పెళ్లయిన ఐదేళ్లకు పెళ్లాన్ని పట్టుకుని 'నన్ను పెళ్లి చేసుకుంటావా' అంటారా ఎవరైనా? జవాబు నాకు తెలుసు కదే!"

"తెలుసా? సరే. అయితే ఆ టేబుల్ దగ్గర నువ్వొక్కడివే కూర్చో."

ఆ ఫ్లాట్‌లో వంటింటికీ హాలుకీ మధ్య ఉన్నది సన్నటి గోడ. హాల్లో కమలాదేవి టీవీ సౌండ్ తగ్గించింది. పార్థసారథి ఏదో అనబోతే వేలు పెదాల మీద పెట్టింది.

*

వెనిస్ ఏమీ మారలేదు. వాన కూడా అదే.

మారింది శాంతిని. అందరితో నవ్వుతూ మాట్లాడింది, మామగారికి గొడుగు పట్టింది, అత్తగారికి ఫోటోలు తీసింది. చైతన్యతో మాత్రం "ఆ", "ఊ"లే. ఆ మౌనం ముందు అతని ధీమా రోజురోజుకీ కరిగిపోతూ వచ్చింది.

పెళ్లిరోజు సాయంత్రం ఒక వంతెన దిగి వెనక్కి చూస్తే, అమ్మా నాన్నా లేరు.

"ఇప్పటిదాకా వెనకే ఉన్నారు!" చైతన్య కంగారుపడ్డాడు. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఇద్దరూ సందులన్నీ గాలించారు. వెతికి వెతికి, మలుపు తిరిగేసరికి అదే కాలువ, అదే కాఫీ షాపు.

పందిరి కింద టేబుళ్లన్నీ నిండిపోయాయి, ఒక్కటి తప్ప. ఖాళీ టేబుల్ మధ్యలో ఒక టిష్యూ ప్యాకెట్. జురాంగ్ ఈస్ట్ సూపర్‌మార్కెట్లో అమ్మేది, పసుపు పువ్వులది.

తడిసిన టూరిస్టు ఒకాయన అటువైపు అడుగు వేశాడు. వెంటనే కాలువ అవతలి గట్టు నుంచి ఒక కేక ఖంగుమంది. "నో సర్! నో సిట్టింగ్! చోప్! చోప్!"

ఆయన బెదిరి వెనక్కి తగ్గాడు. అవతల ఇంకో కాఫీ షాపు ముందు కమలాదేవి, పార్థసారథి దర్జాగా కూర్చుని ఉన్నారు. సన్నటి కాలువ, గట్టిగా అంటే ఇవతలికి వినిపిస్తుంది.

"అమ్మా! చెప్పకుండా ఎక్కడికెళ్లిపోయారు? ఉండండి, మేమూ అక్కడికే వస్తాం!"

"ఎందుకురా? మీ నాన్నా నేనూ ఎవరూ అడ్డం లేకుండా ఒక కప్పు కాఫీ తాగి ఎన్నేళ్లయిందో! ఇది మా టేబుల్. అది మీది. ఇటు వచ్చారంటే ఊరుకోను." ఆపైన గొంతు పెంచింది. "ఒరేయ్! ఈసారైనా అడిగి కూర్చో!"

శాంతిని గబుక్కున అత్తగారి వైపు చూసింది. వంటింట్లో అన్న ప్రతి మాటా విన్నారన్నమాట! సిగ్గు, నవ్వు, ఏడుపు మూడూ కలిసి వచ్చాయి. వెళ్లి టేబుల్ దగ్గర కూర్చుని, టిష్యూ ప్యాకెట్ చేతిలోకి తీసుకుంది.

చైతన్య ఎదురు కుర్చీ పట్టుకున్నాడు. లాగబోయి ఆగాడు. పందిరి అంచు నుంచి నీళ్లు అతని వీపు మీద పడుతున్నాయి.

"ఇక్కడ ఎవరైనా కూర్చుంటారా అండీ?"

శాంతిని తలెత్తలేదు. "ఎవరూ లేరు. ఎందుకు?"

"నేను కూర్చోవచ్చా?"

"ఆలోచించాలి."

"తడుస్తున్నానండీ!"

"తడవండి."

"సరే, తడుస్తూనే ఇంకోటి అడుగుతాను." ముఖం మీది నీళ్లు తుడుచుకున్నాడు. "మీ డాడీని అడిగాను గాని, మిమ్మల్ని అడగలేదు. జవాబు తెలుసనుకున్నాను. శాంతినిగారూ, నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె టిష్యూ ప్యాకెట్‌ని అటూ ఇటూ తిప్పింది. ఆ కాసేపట్లో చైతన్యకు నిజంగా భయమేసింది. ఐదేళ్లు కాపురం చేసిన మనిషి ఏమంటుందో అతనికి తెలియలేదు. అడగడమంటే ఇదా అనుకున్నాడు. ఆమెను ఎంతగా ప్రేమిస్తున్నాడో ఆ భయంలోనే తెలిసింది.

శాంతిని ప్యాకెట్ విప్పి ఒక టిష్యూ అతని చేతికిచ్చింది. కళ్లు నిండుగా ఉన్నాయి.

"ముందు తల తుడుచుకో."

"అంటే?"

"చేసుకుంటాను లా!" అంది. వెంటనే వేలెత్తింది. "కానీ ఒక్క కండిషన్. ముందు మా డాడీని అడగాలి."

అవతలి గట్టున పార్థసారథి ఆత్రంగా, "కమలా, ఏమందే?" అన్నాడు.

"మీరు మీ కాఫీ చూసుకోండి," అంది కమలాదేవి, కళ్లు తుడుచుకుంటూ.

చైతన్య ఇంకా నిలబడే ఉన్నాడు.

"కూర్చోనా?" అని అడిగాడు.

"కూర్చో," అంది శాంతిని.