తార్నాక టాక్సీలో ఒంటి తుమ్ము

1968 ఫిబ్రవరి. సీతాఫల్‌మండి స్టేషన్ బెంచీ మీద ఇన్ఫార్మర్ పేరయ్య నిద్రపోతున్నట్టే ఉన్నాడు. ఏజెంట్ ఎంకన్న భుజం తట్టాడు. పేరయ్య పక్కకు ఒరిగిపోయాడు. మెడ వెనక సూది గుచ్చిన ఎర్రటి చుక్క. పిడికిట్లో నలిగిన చీటీ.

"ఇవాళ పదకొండు గంటలకు. డాక్టర్ సుందరరావు. కెమెరా."

ఎంకన్న చీటీ పట్టుకుని ఆఫీసుకు పరుగెత్తాడు.

"పొద్దున ఢిల్లీ బండిలో ఒక హనీమూన్ జంట దిగింది," అన్నాడు చీఫ్ పార్థసారథి. "మిస్టర్ అండ్ మిసెస్ కార్వెల్. ఈ ఊరికి రావడం ఇదే మొదలట. ఇద్దరి మెడల్లోనూ కెమెరాలున్నాయి. ఒకటి ఫొటో తీస్తుంది. ఇంకొకటి విషపు సూది వదులుతుంది."

"ఇద్దర్ని పట్టి లోపలేస్తే అయిపాయె గద సార్!"

"ఒకరు అమాయకులైతే? వాళ్ళ ఎంబసీ మన తోలు వలుస్తుంది. సుందరరావు గారేమో ఆర్ట్స్ కాలేజీలో స్పీచ్ మాననంటున్నారు. కొత్త రాడార్ గుట్టంతా ఆయన బుర్రలోనే ఉంది. నువ్వు టాక్సీ డ్రైవర్‌వి. ఇద్దరిలో ఎవరో తేల్చు."

ఏడో తరగతిలో బడి మానేసినవాడికి సర్కారు ఇచ్చే ఉద్యోగాలు రెండే. బండి తోలడం, ముందు వరసలో చావడం. ఎంకన్నకు రెండూ ఇచ్చింది.

టాక్సీ వెనక సీట్లో దొర కార్వెల్ చిన్నపిల్లాడిలా సంబరపడుతున్నాడు. రిక్షా కనపడితే క్లిక్. బర్రె కనపడితే క్లిక్. క్లిక్‌మన్నప్పుడల్లా ఎంకన్న మెడ వెనక చల్లగా చెమట పట్టింది. దొరసాని లిండా నీలం గాగుల్స్, ఎర్రటి లిప్‌స్టిక్. "హౌ క్యూట్!" తప్ప మరో మాట లేదు. తార్నాక దాటేసరికి భయం ఆపుకోలేక ఎంకన్న డబ్బీ తీసి చిటికెడు ముక్కుపొడి పీల్చాడు.

క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ ముందు బండి ఆగింది. పది యాభై. లిండా తలుపు తీసి ఒక కాలు కింద పెట్టింది.

"హాఛ్!"

ఎంకన్నకు ఒకే ఒక్క తుమ్ము వచ్చింది.

"బ్లెస్ యూ!" అని దొర దిగి వెళ్ళిపోయాడు. లిండా కాలు మాత్రం వెనక్కి వచ్చింది. సీట్లో సర్దుకుని కూర్చుంది. ఫ్లాస్కు తీసి గుక్కెడు నీళ్ళు తాగి, అప్పుడు దిగింది.

ఎంకన్న అద్దంలో అంతా చూశాడు. వాళ్ళ అమ్మ ఉప్పలమ్మ గడప దగ్గర చేసే పని అదే! ఈ ఊరికి ఇవాళే వచ్చిన దొరసానికి ఒంటి తుమ్ముకు ఆగాలని ఎవరు నేర్పారు?

అతను దిగేసరికి ఆమె స్టూడెంట్ల గుంపులో కలిసిపోయింది. మెట్ల మీద మైకు ముందు సుందరరావు నిలబడ్డాడు. చప్పట్లు ఆగాయి. మూడో వరసలో నీలం గాగుల్స్ మెరిశాయి. కెమెరా లేచింది.

పది అడుగుల దూరం. తుపాకీ పేలిస్తే పిల్లలకు తగులుతుంది. అరిస్తే ఆమె ఉలిక్కిపడి నొక్కేస్తుంది.

ఎంకన్న డబ్బీ మొత్తం ముక్కులో కుక్కుకున్నాడు.

"హాఛ్!"

బటన్ మీది వేలు లేచింది. వెంటనే ఎంకన్న ముక్కులో రెండో తుమ్ము బయల్దేరింది. అది వచ్చిందా, జంట తుమ్ములు! జంట తుమ్ములు శుభం. ఆమె నొక్కేస్తుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా ఒక చేత్తో ముక్కు బిగపట్టి, గుంపును తోసుకుంటూ ఎగిరి రెండో చేత్తో కెమెరా గుంజాడు. సూది సుందరరావు చెవి పక్కనుంచి దూసుకుపోయి షామియానా గుంజలో దిగబడింది.

జీపు ఎక్కిస్తుంటే లిండా గాగుల్స్ తీసింది. "మౌలాలి రైల్వే క్వార్టర్స్‌ల పుట్టిన. పద్నాలుగేండ్లకు దేశం దాటిన," అంది నిఖార్సయిన తెలుగులో. "మా అమ్మమ్మ కరుణమ్మ ప్రతి ఆదివారం చర్చికి పోయేది. తుమ్మితే మాత్రం కూసొని నీళ్ళు తాగిందాక ఇల్లు కదలనిచ్చేది కాదు. ఏ ట్రైనింగ్‌ల గది పోలేదన్న."

"లిండాకు తెలుగు వచ్చా?" అని మూడు వారాల మొగుడు నోరు తెరిచాడు.

గంట తర్వాత ఆఫీసులో చీఫ్ ఎంకన్న భుజం తట్టాడు. "శభాష్! బొంబాయిలో ఇంకో కెమెరా దిగిందట. ఇప్పుడే బయల్దేరు."

ఎంకన్న సెల్యూట్ కొట్టి గడప దాకా నడిచాడు. అప్పటినుంచి ముక్కులో ఇరుక్కున్న రెండో తుమ్ము అప్పుడు వచ్చింది. ఒకటే.

దేశం కోసం ప్రాణాలకు తెగించిన ఏజెంట్ వెనక్కి తిరిగి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సార్, జర నీళ్ళు ఇప్పియ్యిండ్రి."