తిరుగు ముక్క

పాలోమా నుంచి కాపర్ గ్యాప్ దాకా ఎడారిలో నడిచే మా చిన్న రైల్లో కండక్టర్ని నేను. ముప్ఫై మైళ్ళు, నాలుగు ఊళ్ళు. పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తాం. ఎక్కినవాళ్ళ చీటీలకు పంచ్‌తో చిల్లు పెట్టి, సీటు పైన క్లిప్పుకి తగిలిస్తాను. ఒక్కో చీటీలో పోవడానికో ముక్క, తిరిగి రావడానికో ముక్క; తిరిగి రానివాళ్ళకి ఆ రెండోది చింపేస్తాను. దారిలో, ఇల్లూ మనిషీ లేని డ్రై క్రీక్‌లో భోజనాలకు అరగంట ఆగుతాం; దిగేవాళ్ళు చీటీ క్లిప్పుకే వదిలి వెళ్తారు. బయల్దేరే ముందు చీటీ ఉండి మనిషి లేకపోతే ఎవరో కింద ఉండిపోయినట్టే.

జూన్‌లో, పని త్వరగా తెమిలిపోతుందని డ్రై క్రీక్ రాకముందే చీటీలన్నీ తీసేశాను. పద్నాలుగో సీటు మిసెస్ హాడ్లీ ఎక్కలేదని నాకు తెలియలేదు. సాయంత్రం తిరుగు బండి అక్కడ ఆగదు. మర్నాడు అక్కడి తుమ్మచెట్టు కింద శవమై దొరికింది. చేతిలో ఖాళీ నీళ్ళ సీసా ఉంది.

మాలో ప్రతి కండక్టర్ చిల్లుకీ ఒక ఆకారం ఉంటుంది. నాది బూటు. ఆ పొద్దున ఆవిడ "ఎంత ముద్దుగా ఉందమ్మా!" అని నవ్వి, సంచిలోంచి నాకో పీచ్ పండు ఇచ్చింది. ఆ పంచ్‌ని ఆవిడ శవపేటికలో పెట్టేశాను. ఏడుపు రాలేదు. అప్పట్నుంచీ నాకు నవ్వూ, భయమూ, ఏదీ రావట్లేదు.

సెప్టెంబర్లో మళ్ళీ డ్యూటీకి రమ్మన్నారు. గుండ్రటి చిల్లు పడే కొత్త పంచ్, కొత్త కండక్టర్ టోపీ ఇచ్చారు. పద్నాలుగో సీటు అమ్మడం మానేశారు.

"ఇంజను తుప్పు పట్టేలోగా జెండా ఊపుతావా, ఇమెల్డా?" అన్నాడు డ్రైవర్ ఓరిన్.

"ముందు నువ్వు తుప్పు పట్టు, ముసలాయనా. తర్వాత ఊపుతా."

డ్రై క్రీక్‌లో ఆగి అరగంట అయింది. జనం ఎక్కారు. ఒక్కో సీటూ చూసుకుంటూ వచ్చాను. పద్నాలుగు దగ్గర పండిన పీచ్ వాసన.

క్లిప్పుకి చీటీ ఉంది. చిల్లు బూటు ఆకారంలో ఉంది.

"ఇక్కడ ఎవరైనా కూర్చున్నారా?" అని ఎదుటి సీట్లో పాపని అడిగాను.

"మామ్మ. నీళ్ళకి దిగింది" అంది మెల్లగా.

నాకు భయం వేయలేదు. చీటీ ఉంది, మనిషి లేదు. ఈసారి ఎవర్నీ వదిలి వెళ్ళను. అంతే తోచింది. వాకీటాకీలో ఓరిన్‌కి "కదలకు, ఒకరు కింద ఉన్నారు" అని చెప్పి దిగాను.

మిట్టమధ్యాహ్నం. ఇసుక తెల్లగా మండుతోంది. ఎక్కడా పిట్ట అరుపు లేదు. తుమ్మచెట్టు కింద ఎవరూ లేరు... నీళ్ళ సీసా ఒక్కటే పడి ఉంది. దాని మూతి ఇంకా తడిగా ఉంది.

నడుముకున్న వాకీటాకీ గరగరలాడింది.

"అందరూ ఎక్కారు, ఓరిన్. పోనివ్వు."

నా గొంతు.

నేను నోరు తెరవలేదు... బటన్ నొక్కలేదు...

బండి కదిలింది. పరుగెత్తలేదు. అరవలేదు. ఆవిడ కూర్చున్న చోటే కూర్చున్నాను. ఆవిడకి కూడా ఇలాగే కనబడి ఉంటుంది, చివరి పెట్టె చిన్నదవుతూ.

నలభై నిమిషాలకి బండి వెనక్కొచ్చింది. ఓరిన్ మొహం పాలిపోయి ఉంది.

"నువ్వే కదా చెప్పావు? చివరి మెట్టు మీద నిలబడి చెయ్యి కూడా ఊపావు."

"మరి ఎందుకు తిరిగొచ్చావ్?"

"ఒక పాప ఏడుపు ఆపలేదు. టోపీ అక్క కింద ఉండిపోయింది, టోపీ పెట్టుకున్న ఈ మామ్మెవరు అని..."

ఎక్కాను. పద్నాలుగో సీటు క్లిప్పు ఖాళీగా ఉంది. చెమట తుడుచుకుందామని నా టోపీ తీశాను. దాని పట్టీలో ఒక చీటీ దోపి ఉంది. బూటు చిల్లు. పీచ్ రసంతో అంచు జిగటగా ఉంది.

ఓరిన్ ఇంజను విజిల్ మోగించాడు. బండి కాపర్ గ్యాప్ వైపు కదిలింది.

చీటీలో తిరుగు ముక్క చింపేసి ఉంది.