ఆఖరున పెట్టాల్సిన తలుపు

అసురసంధ్య వేళ...!

ఫెళఫెళమంటూ ఉరుము దద్దరిల్లింది. ఆ వెంటనే గుడ్లగూబ కర్ణకఠోరంగా కూసింది. మళ్లీ ఉరుము... మళ్లీ గుడ్లగూబ... మళ్లీ అదే ఉరుము... అదే గుడ్లగూబ!

మేస్త్రికి ఒళ్లు గగుర్పొడిచింది. ఆ ఉరుమును అక్కడ పెట్టింది తనే. దాని వెనకాలే గుడ్లగూబ కూతను అతికించింది తనే. ఆ లోకంలో పొద్దు ఎప్పటికీ అసురసంధ్య దాటకుండా కాలాన్ని కట్టేసింది కూడా తనే!

కంప్యూటర్ ఆటల్లో కొత్త కొత్త చోట్లు కట్టడం ఆమె పని. చోట్లు కట్టే ఎడిటర్ ప్రోగ్రాం తెరిచి మౌసు పట్టుకుందంటే పూట గడిచేలోపు కోట లేవాల్సిందే. గోడలు అంత పొందిగ్గా కడుతుందని తోటివాళ్లు పెట్టిన ముద్దుపేరు మేస్త్రి. ఆ మేస్త్రి ఇప్పుడు తను కట్టిన పాతాళగృహంలో, తను పరిచిన రాతిబండల మీద నిలబడి ఉంది. కుర్చీలో కూర్చుని తెరను చూస్తున్న మనిషి తెర లోపలికి ఎలా వచ్చిపడిందో ఆమెకే తెలియదు.

పరుగెత్తుకెళ్లి గోడ తడిమింది. రాతిలో ఒక పగులు... పక్క గోడ తడిమింది. అదే పగులు, అదే చోట! ఒకే బొమ్మను నాలుగు గోడలకూ అంటించి చేతులు దులుపుకున్న తన బద్ధకాన్ని మనసారా తిట్టుకుంది. నాలుగు గోడలూ చుట్టి వచ్చింది. ఎక్కడా తలుపు లేదు!

"తలుపుదేముందమ్మా, ఆఖరున పెట్టుకోవచ్చు. ముందు నా కపాలాన్ని నడిమధ్యన పెట్టి, ఒక్కసారి లోపలికెళ్లి చూడు" అని అంతకుముందే చెప్పి పంపాడు శిల్పి. ఆఫీసులో ఆటబొమ్మలు చెక్కే పెద్దాయన. రోగంతో చిక్కి శల్యమైపోయాడు, ఆఖరి బొమ్మ కాబోలు పాపం అని ఆమె సరేనంది. ఆ జాలే కొంప ముంచింది.

నల్లరాతి వేదిక మీద ఆ కపాలం! దాని చుట్టూ దీపాలు... గాలి లేకుండానే ఒక దీపం ఆరింది. కపాలం కనుగుంటల్లో రక్తారుణకాంతి భగ్గుమంది!

"హ హ్హ హ్హా...! ద్వారం లేని గృహం! అందులో సజీవమైన ఆత్మ! ఎన్నేళ్లు తపించానే వీటికోసం! ఈ దీపాలన్నీ ఆరగానే నీ దేహంలో నేనుంటాను. నువ్వు మాత్రం ఇక్కడే... కల్పాంతం దాకా!"

అది శిల్పి గొంతు! ఇంకో దీపం ఆరింది. ఆమె వేళ్లు మొద్దుబారడం మొదలుపెట్టాయి. గట్టిగా అరవబోయింది. అరుపు గోడలకు కొట్టుకుని తన మీదే పడింది.

"అక్కా! ఏమైందే నీకు?"

పైనుంచి ఊడిపడింది ఆ కేక. చెల్లెలు! అక్క కట్టిన చోట్లన్నీ తిరిగి వంకలు పెట్టడం దాని ఉద్యోగం. ఇంట్లోనూ అదే ఉద్యోగం.

"కళ్లు తెల్లగా అయిపోయాయేంటే? ఆ మంత్రాలేంటి? ఆ మగ గొంతేంటి? నాకు భయమేస్తోందక్కా!"

"అది నేను కాదే! నేను ఇక్కడున్నాను, తెరలో చూడు!"

పైనుంచి వెక్కిళ్లు వినిపించాయి.

"ఏడుపు తర్వాత! పక్కన ఎడిటర్ తెరిచే ఉంది. ముందు ఒక తలుపు పెట్టు!"

గోడ మీద తలుపు మెరిసింది. మేస్త్రి దాని గడియ అందుకునేలోపే భస్మమై రాలిపోయింది. మరో తలుపు... అదీ భస్మం!

"పిచ్చిదానా!" కపాలం వికటాట్టహాసం చేసింది. "నా మంత్రగృహంలోకి కొత్తది ఏదీ అడుగుపెట్టలేదు!"

కొత్తది...! మరి పాతదైతే?

ఆమెకో పాడు అలవాటుంది. ఏ చోటునూ ఖాళీ నేలతో మొదలుపెట్టదు. తను మొట్టమొదట కట్టిన ఇంటికి నకలు తీసి, అక్కర్లేనివన్నీ కనబడకుండా దాచేసి, దాని మీదే కొత్తది కడుతుంది. "ఆ పాత చెత్తంతా ఎందుకే మోస్తావు?" అని చెల్లెలు దెప్పని రోజు లేదు. ఆ మొదటి ఇంట్లో అమ్మమ్మ బొమ్మ ఉండేది. అమ్మమ్మ పోయాక దుఃఖం ఆగక కట్టిన ఇల్లు అది. చేతకాని రోజుల్లో వంకరటింకరగా అమ్మమ్మ బొమ్మ చేసి, "చావు లేదు" అన్న గడిలో టిక్కు పెట్టింది. మా అక్కచెల్లెళ్ల జోలికొచ్చినవాణ్ణి ఎత్తి బయట పారెయ్ అని ఒకటే పని అప్పజెప్పింది. తర్వాత కట్టిన ఏ చోటు నుంచీ ఆ బొమ్మను తీసెయ్యడానికి మనసొప్పలేదు. దాచిందంతే.

"చెల్లీ! దాచినవి చూపించు! అమ్మమ్మని లేపవే!"

దీపాలు టపటపా ఆరిపోసాగాయి. ఒక్కటే మిగిలింది! మేస్త్రికి మోకాళ్ల దాకా స్పర్శ లేదు.

"లేపనివ్వట్లేదే! నీ చెయ్యి నా మణికట్టు విరిచేస్తోంది!"

"నా చెయ్యేగా? కొరుకు!"

"అక్కా..."

"కొరకవే!"

మేస్త్రి ముంజేతిలో ప్రాణం పోయేంత నొప్పి! ఆ నొప్పికి ఆమె కేక... ఆ కేకలోనే మౌసు టిక్కుమన్న చప్పుడు!

మూలనున్న చీకటి కదిలింది. కుంటుకుంటూ, ఎడమకాలు చీలమండ దాకా బండలోకి దిగబడుతూ, అమ్మమ్మ నడిచి వచ్చింది.

"ఎవత్తివే నువ్వు? హ్రీం... హ్రూం... ఫట్! చావు!" కపాలం మారణమంత్రం ప్రయోగించింది. అగ్నిజ్వాల అమ్మమ్మను నిలువునా చుట్టేసింది! ఆమె ఆగలేదు. కపాలం మళ్లీ ప్రయోగించింది. ఆమె కనురెప్పైనా ఆర్పలేదు. కనుగుంటల్లో రెండు వేళ్లు దూర్చి కపాలాన్ని లేవనెత్తింది!

"వదులు! ఎక్కడికి తీసుకెళ్తావే? ఈ గదికి ద్వారమే లేదు!"

అమ్మమ్మ తిన్నగా గోడ వైపు నడిచింది. బొమ్మ చేసిన రోజున, గోడలు అడ్డం అన్న గడిలో టిక్కు పెట్టడం మరిచిపోయింది మేస్త్రి. అందుకే ఆ కాలు నేలలో దిగబడుతుంది. అందుకే అమ్మమ్మ గోడలోంచి కూడా నడిచి వెళ్లిపోయింది.

గోడ అవతల మేస్త్రి ఏమీ కట్టలేదు. నేల లేదు, అడుగు లేదు... అనంతమైన శూన్యం! అమ్మమ్మ కపాలాన్ని అందులోకి వదిలేసింది.

"ఆ...ఆ...ఆ...!" కపాలం ఆర్తనాదం కిందికి... ఇంకా కిందికి... సన్నబడిందే గానీ ఆగలేదు!

మేస్త్రి కుర్చీలో కళ్లు తెరిచింది. ముంజేతి మీద పళ్లగాట్లు. చెల్లెలు ఆమె మెడ చుట్టూ చేతులేసి భోరున ఏడ్చింది.

శిల్పి తన ఇంట్లో, తన కుర్చీలోనే దొరికాడు. ఊపిరి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. రెండు చేతులూ పట్టు దొరకని గాలిని గీరుతున్నాయి. ఎవరు పిలిచినా పలకడం లేదు.

ఆ చోటును తుడిచెయ్యడానికి మేస్త్రికి ధైర్యం చాలలేదు. తుడిస్తే వాడు బయటపడతాడేమో! అప్పుడప్పుడు తెరిచి చూస్తుంది. శూన్యం అంచున, గోడ పక్కన అమ్మమ్మ నిలబడి ఉంటుంది, కిందికి చూస్తూ.

"పాపం, ఆ కాలైనా సరిచెయ్యవే" అంది చెల్లెలు ఒకరోజు.

మేస్త్రి మౌసు మీంచి చెయ్యి తీసేసింది. "దాని జోలికి పోకు. నన్ను బయటికి తెచ్చింది ఆ కాలే."